సిగ్గుచామంతి

మంగతాయారు జడలో పువ్వు నల్లబడింది.

నల్లబడటమంటే వాడి కమిలిపోవడం కాదు. కాఫీల పళ్ళెం పట్టుకుని ఆవిడ పూలమొక్కలు పెంచే పాలీహౌస్‌లోకి అడుగుపెట్టేటప్పటికి ఆ చామంతి పాలనురగలా తెల్లగా ఉంది. బెంగుళూరు నుంచి దిగిన బొకేల కంపెనీవాళ్ళకి కప్పులు అందించి వెనక్కి తిరిగేటప్పటికి రేకల అంచులు నీలమయ్యాయి. ఆ నీలం లోపలికి పాకింది. చూస్తుండగానే పువ్వు మొత్తం నేరేడుపండు రంగుకొచ్చేసింది. కంపెనీ పెద్దాయన దివాకర్ శెట్టి కప్పు పెదాల దాకా తీసుకెళ్ళి, తాగడం మర్చిపోయి అలాగే ఉండిపోయాడు.

అక్కడున్న ఆడవాళ్ళందరి తలల్లోనూ అవే పూలు. ఒకే గంపలోంచి తీసి ఇచ్చినవి. అన్నీ లక్షణంగా గులాబీరంగుకి తిరిగాయి. శెట్టిగారి భార్య కొప్పులో పువ్వయితే కొత్త పెళ్ళికూతురి బుగ్గలా ఎర్రబడి ఊరిస్తోంది. ఈ ఒక్కటే ఇలా తగలడింది.

“నా కొడుకో!” అని కేక వినపడింది.

మంగతాయారు అత్తగారు, తాతాజీ తల్లి అచ్చాయమ్మ కేక అది. భర్త పోయినప్పటినుంచీ పూలున్న చోటికి రాకుండా గుమ్మం అవతలే నిలబడే మనిషి, ఆ వేళ అందరినీ తోసుకుంటూ లోపలికి వచ్చేసింది. కోడలి జడలోంచి పువ్వు ఊడబెరికింది. దాంతోపాటు నాలుగు వెంట్రుకలూ ఊడొచ్చాయి.

“పెళ్ళయిన ఆడదాని తల్లో పువ్వు నల్లబడటవేంటే! నా కొడుక్కి ఏం మూడిందే! ఎవరికే ఈ పోయేకాలం!”

మంగతాయారు ముఖంలో కత్తివేటుకి నెత్తుటిచుక్క లేదు. విచిత్రమేమిటంటే, అక్కడున్న వాళ్ళందరూ ఉలిక్కిపడ్డారు గానీ ఆవిడ ఉలిక్కిపడలేదు. ఎప్పుడో ఒకప్పుడు వస్తుందనుకున్న కబురు వచ్చినట్టు తలవంచుకుని నిలబడింది. అది తాతాజీ చూశాడు. చూసి, ఆ గొడవలో మర్చిపోయాడు.

“ఏం లేదండీ, ఏదో చిన్న తెగులు. కొత్త రకం కదా, అక్కడక్కడా ఇలాంటివి ఉంటాయి,” అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

దివాకర్ శెట్టి మర్యాదస్తుడు. కప్పు జాగ్రత్తగా కింద పెట్టి అన్నాడు: “తాతాజీగారూ, మీ పువ్వు అద్భుతం. కానీ పెళ్ళిపీటల మీద ఒక్క అమ్మాయి తలలో ఇలా జరిగిందనుకోండి, ఆ ఊరి నుంచి మా వాళ్ళు ప్రాణాలతో బయటపడరు. సరిచేశాక కబురు చెయ్యండి.”

కార్లు వెళ్ళిపోయాయి. నల్లపువ్వు అప్పటికే కాలవలో ఉంది. అచ్చాయమ్మ విసిరేసి, చేతులు మట్టితో తోముకుని కడుక్కుంటోంది.

*

అసలీ పువ్వు సంగతి కాస్త చెప్పుకోవాలి.

కడియం మొక్కల తోటల్లో కాలవగట్టు వారగా తాతాజీకి తండ్రి వదిలివెళ్ళిన నర్సరీ ఉంది. తాతాజీ పెద్ద చదువులు చదివి, మొక్కల మీదే డాక్టరేటు తెచ్చుకుని, నర్సరీ వెనకాల చిన్న ల్యాబు కట్టుకున్నాడు. ఊళ్ళో వాళ్ళు ‘పూల డాక్టరుగారు’ అంటారు. ఆ మాటకి పైకి విసుక్కున్నా లోపల మురిసిపోతాడు.

దోమ కుడితే మీరూ నేనూ అయితే చరిచి ఊరుకుంటాం. తాతాజీకి ఆలోచన వచ్చింది. చిమ్మచీకట్లో ఈ ముదనష్టపుదానికి మనిషి ఎలా దొరుకుతాడు? ఒంటి వాసన పట్టుకుని దొరుకుతాడు. ఆ వాసన పట్టే ప్రొటీన్ ఒకటి దాని మీసాల్లో ఉంటుంది. దాన్ని తయారుచేసే జన్యువు తీసి చామంతి రేకలో పెడితే? మనిషి ఒంటి ఆవిరి తగలగానే రేకలోని రసం పులుపెక్కుతుంది, పులుపెక్కగానే రంగు మారుతుంది. శంఖుపూల నీళ్ళలో నిమ్మచెక్క పిండితే నీలం పోయి గులాబీరంగు వస్తుంది చూడండి, అదే లెక్క. కుండీలో ఉన్నంతసేపూ తెల్లగా ఉండి, ఆడపిల్ల తలలోకి ఎక్కగానే ఎర్రబడే పువ్వు. మనిషి తాకితే సిగ్గుపడే పువ్వు. అందుకే సిగ్గుచామంతి.

ఏళ్ళు పట్టింది. ల్యాబులో తాతాజీకి తోడు ఎస్తేరు రాణి. బయోకెమిస్ట్రీలో దిట్ట, మాట తక్కువ, చూపు ఎక్కువ. ఎస్తేరు వాళ్ళ చర్చిలో ఆడవాళ్ళు పూలు పెట్టుకోరు. తాతాజీ ఎలాగూ మగవాడు. అంటే ఆ పువ్వుని పుట్టించిన ఇద్దరూ దాన్ని తలలో పెట్టుకునేవాళ్ళు కారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

మరి తలలో పెట్టకుండా పువ్వు ఎలా పనిచేస్తుందో ఎలా తెలియాలి? ఉగాది ముందు తాతాజీ ఒక పద్ధతి పెట్టాడు. నర్సరీలో మొక్కల కవర్లకి మట్టి నింపే, కలుపు తీసే ఆడవాళ్ళకీ, ఇంట్లో భార్యకీ పొద్దున్నే తలా ఒక పువ్వు ఇచ్చి, సాయంత్రం ఇంటికెళ్ళేముందు తిరిగి తెచ్చి ఇమ్మన్నాడు. దానికి ‘తలపరీక్ష’ అని పేరు. ఆడవాళ్ళు కిలకిలా నవ్వుకున్నారు. “పరీక్ష తలకాండీ, పువ్వుకాండీ?” అని ఒకావిడ పరాచికమాడింది. సాయంత్రానికి పూలన్నీ గులాబీరంగులో తిరిగొచ్చాయి.

రెండు మాత్రం రాలేదు. ఒకటి మంగతాయారుది. రెండోది నూకాలు అని, కలుపు తీయడానికి వచ్చే మనిషిది. కాలవలో పడిపోయిందని ఇద్దరూ చెప్పారు. కాలవగట్టు మీది నర్సరీలో పువ్వు కాలవలో పడటం వింతేముంది? “పోనీలే, ఈసారి జాగ్రత్త,” అని తాతాజీ ఊరుకున్నాడు.

ఆ తర్వాత ఎప్పుడు పువ్వు ఇచ్చినా మంగతాయారు తలనొప్పి అనేది, తలస్నానం చేయలేదనేది. కంపెనీవాళ్ళు వచ్చిన రోజూ అదే అంది. “ఇవాళొద్దండీ, బాబ్బాబు.” తాతాజీ వింటేనా! “నా పువ్వు నా పెళ్ళాం పెట్టుకోకపోతే లోకంలో ఇంకెవరు పెట్టుకుంటారే?” అని, బతిమాలుతున్నా వినకుండా, తన చేత్తో తనే జడలో గుచ్చాడు.

*

“ఒరేయ్, నువ్వు ఆసుపత్రికి వెళ్ళి ఒళ్ళు చూపించుకునేదాకా నేను మెతుకు ముట్టను,” అని అచ్చాయమ్మ మర్నాడు పొద్దున్నే మొండికేసింది.

“అమ్మా! నేను సైంటిస్టుని. పువ్వు రంగు మారితే మొగుడు పోతాడని ఏ పుస్తకంలో ఉందే?”

“మీ నాన్న పోయిన రోజు పొద్దున్న నా తల్లో బంతిపువ్వు రేకలు రేకలుగా రాలిపోయింది. ఏ పుస్తకంలో చూశానురా నేను?”

తల్లి కోసమే వెళ్తున్నానని పదిమందికీ చెప్పుకుని తాతాజీ రాజమండ్రి పెద్దాసుపత్రికి బయల్దేరాడు. నిజం చెప్పొద్దూ, రాత్రి పడుకున్నప్పటినుంచీ ఎడమ భుజం లాగుతోంది. లాగుతోందో, లాగుతున్నట్టు అనిపిస్తోందో ఆయనకే తెలియదు. తల్లి ఊరికే ఒళ్ళు చూపించుకోమంటే ఆయన గుండె, మెదడు, ఊపిరితిత్తులు, కాలేయం అన్నీ రాయించుకున్నాడు. ఎంత చదివినా, ప్రాణం తీపి!

మంగతాయారు కూడా వచ్చింది. మంచినీళ్ళ సీసా, మార్చుకునే లుంగీ, కాగితాల సంచీ అన్నీ ఆవిడ చేతుల్లోనే. ఆయన్ని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పిలుస్తుంటే వెనకాలే నడిచింది. స్కానింగు గది ముందు నడవలేక బెంచీ మీద కూలబడి, పొత్తికడుపు చేత్తో అదిమిపట్టుకుని కళ్ళు మూసుకుంది.

అటుగా వెళ్తున్న నర్సు ఆగింది. “ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?”

“ఉపవాసం అమ్మా,” అని అచ్చాయమ్మే జవాబు చెప్పింది. “నా కొడుకు బాగుండాలని శనివారాలు చేస్తోంది. మంచిపిల్ల.”

తాతాజీ ఆసుపత్రి గౌనులో తల బయటికి పెట్టి కసిరాడు. “పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఏం ఉపవాసాలే ఇవి? చూడు, ఎలా చిక్కిపోయావో! నా సంగతి చూసుకోవాలా, నీ సంగతి చూసుకోవాలా నేను?”

“నాకేం కాలేదండీ. మీరు వెళ్ళండి, పిలుస్తున్నారు,” అంది ఆవిడ.

సాయంత్రానికి కాగితాలన్నీ వచ్చాయి. గుండె గట్టిది, ఊపిరితిత్తులు గట్టివి. చక్కెర మాత్రం గీత దాటబోతోంది, పూతరేకులు తగ్గించమన్నారు. అచ్చాయమ్మ ఆసుపత్రి వరండాలోనే కూర్చుని ఏడ్చేసింది. దారిలో కారు ఆపించి సత్తెమ్మ తల్లి గుడి ముందు కొబ్బరికాయలు కొట్టించింది. కోడలి గడ్డం పట్టుకుని, “నీ పసుపుకుంకాలు గట్టివే తల్లీ, గండం గడిచింది,” అంది. మంగతాయారు గుడి మెట్టు మీద అలాగే కూర్చుండిపోయి, లేవడానికి స్తంభం పట్టుకుంది. అందరూ సంతోషంలో ఉన్నారు, ఎవరూ పట్టించుకోలేదు.

*

ప్రాణం కుదుటపడ్డాక తాతాజీ మళ్ళీ సైంటిస్టు అయ్యాడు. సోమవారం ల్యాబులోకి వస్తూనే, “ఎస్తేరూ! ఆ నల్లబడ్డ పువ్వు ఏ మడిలోదో చూసి ఆ మడి మొత్తం పీకించెయ్యి. చెడ్డ రకం చొరబడింది,” అన్నాడు.

ఎస్తేరు సూక్ష్మదర్శిని మీదనుంచి తల ఎత్తింది. ఆయన ముఖంలోకి పరీక్షగా చూసింది.

“మేడంగారి రిపోర్టులు ఏవొచ్చాయండి సార్?”

“మేడం రిపోర్టులేంటి?”

“ఆసుపత్రికి వెళ్ళారు కదండీ.”

“వెళ్ళాం. పరీక్షలు నాకు. అన్నీ బావున్నాయి, ఏం భయం లేదు.”

ఎస్తేరు చేతిలో ఉన్న గాజుపలక మెల్లిగా బల్ల మీద పెట్టింది.

“మీకాండి? మీకెందుకండీ సార్?”

“ఎందుకంటే... మా అమ్మ గోల నీకు తెలుసుగా. పెళ్ళాం తలలో పువ్వు నల్లబడితే మొగుడికి...” అంటూ ఆగిపోయాడు. సగంలో ఉన్న ఆ వాక్యం ఆయన చెవులకే వింతగా వినపడింది.

“సార్, మీరు మడి పీకించమన్నారు. ఏ మడైనా ఒకటే కదండీ? అన్నీ ఒక్క తల్లిమొక్క కొమ్మలు తుంచి నాటినవేగా. చెడ్డదైతే అన్నీ చెడ్డవవ్వాలి. మేడంగారు పెట్టుకున్న కాడకే ఉన్న పక్కపువ్వు శెట్టిగారి భార్య పెట్టుకున్నారు. నేనే తుంచి ఇచ్చాను. అది ఎంత బాగా తిరిగిందో మీరూ చూశారు.” ఆవిడ గొంతు చిన్నదైపోయింది. “పువ్వు ఒకటేనండి సార్. తల మారింది.”

తాతాజీ కుర్చీ కోసం చేత్తో వెతికాడు. దొరకలేదు. బల్లకి ఆనుకుని నిలబడ్డాడు.

“మేం పూలు పెట్టుకోం కదండీ. పువ్వు నల్లబడితే ఎవరికి చెడో నాకు తెలీదు. అది ఎవరి ఒంటి వాసన పట్టిందన్నదే చూశాను,” అంది ఎస్తేరు. “ఒంట్లో లోపల తేడా వస్తే చెమటలో తేడా వస్తుందండి. మన ముక్కుకి అందదు. దోమ మీసానికి అందుతుంది. ఆ మీసాన్ని మనమే కదండీ పువ్వులో పెట్టింది? మీరు ఆసుపత్రికని వెళ్తే మేడంగారి కోసమేననుకున్నాను. నిన్నంతా ప్రార్థన కూడా చేశాను సార్.”

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు! ఏళ్ళ తరబడి ఆయన రాసింది, చెప్పింది, పది సభల్లో వివరించింది ఒక్కటే: ఈ పువ్వు పెట్టుకున్న మనిషి ఒంటిని పట్టుకుంటుంది. ఆ ముక్క రాజమండ్రి దారిలో ఒక్కసారైనా గుర్తురాలేదు. బెంచీ మీద కడుపు పట్టుకుని కూర్చున్న మనిషిని కసిరాడు. పరిగెత్తాడు. చెప్పులు ల్యాబు గుమ్మంలోనే ఉండిపోయాయి.

*

మంగతాయారు పెరటి అరుగు మీద కాళ్ళు చాపుకుని గోంగూర వలుస్తోంది. వట్టికాళ్ళతో, మట్టి కొట్టుకుని వచ్చిన మొగుణ్ణి చూసి గాభరాపడింది.

“ఏవైందండీ? మళ్ళీ భుజం లాగుతోందా?”

“తలపరీక్ష రోజున పువ్వు నిజంగా కాలవలో పడిందా, మంగా?”

గోంగూర కాడ చేతిలోనే ఉండిపోయింది. ఆవిడ కళ్ళు ఒక్కసారిగా నిండాయి.

“నేనే పారేశానండి. సాయంత్రం జడ ముందుకేసుకుని చూసుకుంటే బొగ్గులా ఉంది. ఎవరితో చెప్పమంటారు? అత్తయ్యగారితో చెప్పనా, మీతో చెప్పనా? మీకేదో మూడుతోందని దేవుడు నాకొక్కదానికే చూపించాడనుకున్నాను. తర్వాత ఒకరోజు ఎవరూ చూడకుండా ఇంకోటి పెట్టుకు చూశాను. అదీ అంతే. అప్పట్నుంచీ శనివారాలు పట్టాను. సత్తెమ్మ తల్లికి మొక్కుకున్నాను.”

“కడుపులో నొప్పి ఎప్పట్నుంచి?”

“అది ఉపవాసాల వల్లనండి.”

“ఎప్పట్నుంచి, మంగా?”

ఆవిడ ఆలోచించింది. “ఉపవాసాలు మొదలెట్టకముందు నుంచీ,” అంది నెమ్మదిగా.

తాతాజీ ఆవిడ పక్కన అరుగు మీద కూర్చున్నాడు. పసిపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. పువ్వుకి మొగుడెవరో తెలియదనీ, అది ఎక్కిన తల ఒక్కటే తెలుసుననీ, ఆ నలుపు ఆయన గురించి కాదనీ. చెబుతూ ఆవిడ ముఖం వంక చూడలేకపోయాడు. చివరికి చూశాడు.

మంగతాయారు ముఖం వెలిగిపోతోంది.

“అంటే మీకేం లేదన్నమాట!” అంది. “నిజంగా ఏం లేదా? ఒట్టు?”

“మంగా...”

“ఆయుష్షు కావాలంటే నాది తీసుకో తల్లీ, ఆయన్ని వదిలేయ్ అని మొక్కుకున్నానండి. తల్లి విన్నది.”

తాతాజీ రెండు చేతులతో తల బాదుకున్నాడు. గోంగూర కట్టలు అరుగు కింద చెల్లాచెదురుగా పడ్డాయి. లోపల్నుంచి అచ్చాయమ్మ, “ఏవిట్రా ఆ గోల?” అంటూ వచ్చింది. కొడుకు చెప్పింది విని, అడుగు వెనక్కి వేసి గడపలో చతికిలబడింది.

“నేనే కదరా,” అంది. “ఉపవాసం అని ఆ నర్సుతో చెప్పింది నేనే కదరా.”

*

అదే ఆసుపత్రి, అదే బెంచీ. ఈసారి గౌను మంగతాయారు వేసుకుంది.

అండాశయంలో గడ్డ. అక్కడ మొదలై పేగుల మీది పొరకి పాకింది. ఆపరేషను చేయాలి, తర్వాత మందులు ఎక్కించాలి, ఎంతవరకు లొంగుతుందో ఇప్పుడే చెప్పలేమంది డాక్టరమ్మ. తెర మీద బొమ్మ చూపించి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

“ఈ జబ్బు చప్పుడు చేయదండీ. చాలామందికి చివరిదాకా తెలీదు. మీకు ముందు సూచన ఏమైనా కనిపించిందా?”

తాతాజీ మంగతాయారు వైపు చూశాడు.

డాక్టరమ్మ మంగతాయారు ముఖంలోకి మళ్ళీ చూసింది. “మిమ్మల్ని నేనెక్కడో... ఆ, మొన్ననే వచ్చారుగా ఇక్కడికి? స్కానింగు గది ముందు కూర్చుని ఉన్నారు. అప్పుడే చూపించుకుంటే పోయేదిగా! ఆ రోజు ఎవరికి చేయించారు పరీక్షలు?”

“నాకు,” అన్నాడు తాతాజీ.

“ఆయన గురించి నాకు భయమేసిందండీ, నేనే తీసుకొచ్చాను,” అని మంగతాయారు సర్దబోయింది. ఆ సర్దుబాటు తాతాజీకి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

*

ఆపరేషను అయింది. మందులు ఎక్కిస్తున్నారు. తాతాజీ పట్టుబట్టి పువ్వు గుచ్చిన ఆ జడ దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా వచ్చేసింది. మంగతాయారు తలకి నూలుగుడ్డ చుట్టుకుని, ఎండ తగ్గాక నర్సరీలోకి వచ్చి కుర్చీలో కూర్చుంటోంది. కాస్త తింటోంది. డాక్టరమ్మ ‘చూద్దాం’ అనే మాట దగ్గరే ఉంది, ముందుకీ వెళ్ళదు, వెనక్కీ రాదు.

పువ్వు సంగతి మాత్రం ఊళ్ళు దాటింది. అందరికీ తెలిసింది తలకిందులుగా తెలిసింది. పూల డాక్టరుగారి పువ్వు నల్లబడితే ఇంట్లో చావు తప్పదట. సిగ్గుచామంతి మడి దగ్గరికి ఆడవాళ్ళు రావడం మానేశారు. ఒక పెళ్ళిళ్ళ పేరయ్య ఫోను చేసి, పెళ్ళిచూపుల్లో అమ్మాయి తలలో పెట్టి చూస్తామని, ఒక బుట్టెడు పంపమని అడిగాడు. రోగం తేలితే వైద్యం చేయించడానికి కాదు, సంబంధం వదిలేసుకోవడానికి. ఆ సాయంత్రమే తాతాజీ పార పట్టుకుని మడిలోకి దిగాడు.

“సార్, ఆగండి సార్!” అని ఎస్తేరు అడ్డం వచ్చింది. “మన దగ్గర ఇది తప్ప ఇంకో తల్లిమొక్క లేదు. డాక్టరమ్మగారితో మాట్లాడాను, దీంతో జబ్బు ముందే పట్టొచ్చేమో వాళ్ళు చూస్తామన్నారు...”

“వద్దు ఎస్తేరూ. ఎవరి తలలో పెడతావు? ఎవరు పెట్టుకుంటారు? నల్లబడితే కాలవలో పారేసి ఉపవాసాలు మొదలెడతారు. నా ఇంట్లోనే అయింది. నా ఇంట్లోనే!”

పార ఎత్తాడు. మట్టి నింపే ఆడవాళ్ళు పని ఆపి దూరంగా గుంపుగా నిలబడి చూస్తున్నారు.

“దింపరా అది,” అంది అచ్చాయమ్మ.

ఆ ఒక్కరోజు తప్ప ఎప్పుడూ దాటని పాలీహౌస్ గుమ్మం దాటి, తిన్నగా మడిలోకి వచ్చింది. వంగి ఒక పువ్వు తుంచింది. కొడుకు కేసి చూడలేదు. మడి పక్కనే ఉన్న కోడలి కుర్చీ ముందుకి వెళ్ళి, పువ్వు ఆవిడ చేతికిచ్చి, నేల మీద కూర్చుని, వెనక్కి తిరిగి, నెరిసిన ముడి చూపించింది.

“పెట్టవే మంగా.”

ఆడవాళ్ళలో ఒకరు ‘హవ్వ!’ అని నోరు నొక్కుకున్నారు. మంగతాయారు ఆ పువ్వు తిరిగి ఇవ్వబోయింది. “అత్తయ్యగారూ, మీరు...”

“నేను ముండమోపిని. తెలుసు. అందుకే పెట్టమంటున్నాను.” అచ్చాయమ్మ గొంతు నర్సరీ అంతా వినపడేట్టు లేచింది. “వినండే అందరూ! నాకు మొగుడు లేడు. ఆయన పోయి ఎన్నేళ్ళయిందో మీలో సగంమందికి తెలీదు. ఈ పువ్వు మొగుళ్ళ గురించే చెప్పేదైతే నా తల్లో దీనికి ఏం పని? రంగు మారకూడదు. మారిందా, అది నా ఒంటి సంగతి. పెట్టవే, చూస్తావేం!”

మంగతాయారు పెట్టింది. మోడైన తన తల వంచి, అత్తగారి ముడిలో జాగ్రత్తగా, జారిపోకుండా గుచ్చింది.

ఎవరూ కదల్లేదు. ఆడవాళ్ళు ఒక్కొక్కరూ తెలియకుండానే దగ్గరికి జరిగారు. తాతాజీ పార పట్టుకునే ఉన్నాడు, ఊపిరి మాత్రం పట్టు తప్పుతోంది. ఇంట్లో ఇంకొక నలుపు చూసే ధైర్యం ఆయనకి లేదు. అచ్చాయమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది. తెల్లటి ముడిలో తెల్లటి పువ్వు చాలాసేపు తెల్లగానే ఉంది. తర్వాత ఒక రేక అంచు, దాని పక్క రేక అంచు, లేతగా, బెరుగ్గా ఎర్రబడ్డాయి. కాసేపటికి ఆ ముసలి తలలో పువ్వు మొత్తం గులాబీరంగుకి తిరిగింది.

“ఎర్రబడిందండీ అత్తయ్యగారూ,” అని మంగతాయారు నవ్వుతూ, ఏడుస్తూ చెప్పింది.

“చూశారా?” అంది అచ్చాయమ్మ. ఆవిడ బుగ్గల మీద నీళ్ళు కారిపోతున్నాయి. “దీని తప్పేం లేదురా. ఇది చెప్పింది నిజమే. నా కోడలి గురించి చెబితే నేను నా కొడుకు గురించి విన్నాను.”

తాతాజీ పార కింద పెట్టాడు. అప్పుడు గుంపు వెనకాల ఎవరో కదిలారు. ఆడవాళ్ళు దారి ఇచ్చారు. కలుపు తీసే నూకాలు ముందుకొచ్చింది. కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్ళీ చుట్టుకుంటోంది. వయసు చూస్తే ముప్ఫై కూడా ఉండవు.

“అయ్యగారూ,” అంది. “ఉగాది ముందు పెట్టుకున్న నా పువ్వు కూడా కాలవలో పడిపోలేదండి.”